గ్యుమ్రి: రాతిపనివాళ్ళు నిలబెట్టిన ఊరు

మీ అమ్మాయి ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌లో వైద్యవిద్య చదువుతోందని, సెలవుల్లో స్నేహితురాళ్ళతో గ్యుమ్రి వెళ్తానంటోందని రాశారు. "భూకంపంలో నేలమట్టమైన ఊరట కదా, అక్కడ చూడటానికి ఏముంటుంది? అసలు ఆ ఊరి కథ ఏమిటి?" అని అడిగారు. భవన నిర్మాణ ఇంజినీరుగా కొన్నేళ్ళు ఆర్మేనియాలో పనిచేశాను. ఆ రోజుల్లో రాజధాని కన్నా గ్యుమ్రే నాకు ఎక్కువ దగ్గరైంది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. ముందు మీ ప్రశ్నకు నేరుగా జవాబు: నిశ్చింతగా పంపండి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేలా కాకుండా, కనీసం ఒక రాత్రి ఉండేలా వెళ్ళమనండి.

గ్యుమ్రి ఆర్మేనియాలో రెండో పెద్ద నగరం. దేశానికి వాయవ్య మూలన ఉన్న షిరాక్ ప్రాంతానికి పాలనా కేంద్రం. సముద్ర మట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, చెట్లు పెద్దగా లేని విశాలమైన పీఠభూమి మీద ఉంటుంది. ఆగ్నేయ దిక్కున 4,090 మీటర్ల అరగాట్స్ పర్వతం. పడమట కొద్ది దూరంలోనే అఖురియన్ నది. ఆ నదే సరిహద్దు, అవతలి ఒడ్డు టర్కీ. ఎరెవాన్ నుంచి రోడ్డు మీద 120 కిలోమీటర్లే అయినా వాతావరణం పూర్తిగా వేరు. ఎరెవాన్‌లో ఎండలు మండిపోయే జులైలో కూడా ఇక్కడ సాయంత్రానికి ఒంటిమీద పలుచటి స్వెట్టరు ఉండాలి. చలికాలంలో మైనస్ 20 డిగ్రీలు ఇక్కడివాళ్ళకు అలవాటే.

ఈ ఊరి గురించి రాసేవాళ్ళు చాలామంది 1988 భూకంపంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. నా లెక్కలో గ్యుమ్రి కథ చేతిపనుల కథ. కొంపా గోడూ వదిలి వచ్చినవాళ్ళు తమ చేతుల్లో ఉన్న విద్యతో కట్టుకున్న ఊరు ఇది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ కట్టుకున్నారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని వీధుల్లో నడిస్తే ఊరు వేరుగా కనిపిస్తుంది.

ఇక్కడ జనావాసం చాలా పాతది. కుమాయ్రి అనే పేరుతో 8వ శతాబ్దపు సంగతుల్లోనే కనిపిస్తుంది. 10, 11వ శతాబ్దాల్లో ఆర్మేనియా రాజధానిగా వెలిగిన ఆని నగరం ఇక్కడికి దగ్గరే. ఇప్పుడది సరిహద్దుకు అవతల, టర్కీలో శిథిలంగా మిగిలింది. అయితే ఇవాళ మనం చూసే గ్యుమ్రి మాత్రం 19వ శతాబ్దంలో పుట్టింది. 1804లో రష్యన్ సైన్యం ఈ ప్రాంతాన్ని పట్టుకుంది. 1828-29 రష్యా-టర్కీ యుద్ధం ముగిశాక కార్స్, ఎర్జురుమ్, బాయజెద్ వైపు నుంచి వేలాది ఆర్మేనియన్ కుటుంబాలు టర్కుల ఏలుబడి వదిలి రష్యన్ల హద్దులోకి వలస వచ్చాయి. వారిలో రాయి చెక్కేవాళ్ళు, కమ్మరులు, వడ్రంగులు, కంసాలులు, కుమ్మరులు, తోలుపనివాళ్ళు, కుట్టుపనివాళ్ళు ఉన్నారు. షిరాక్ మైదానంలో గ్యుమ్రిని పట్టణంగా తీర్చిదిద్దింది వీళ్ళే. ఇప్పటికీ గ్యుమ్రి మాటతీరు ఎరెవాన్ మాటతీరుకు భిన్నంగా, ఎర్జురుమ్ యాసకు దగ్గరగా ఉంటుంది. రెండు వందల ఏళ్ళ కిందట వాళ్ళ తాతముత్తాతలు మూటలతో పాటు తెచ్చుకున్న యాస అది.

సరిహద్దు ఊరు కాబట్టి రష్యన్లు 1830లలో ఇక్కడ పెద్ద కోట కట్టడం మొదలుపెట్టారు. 1837లో చక్రవర్తి మొదటి నికొలస్ స్వయంగా వచ్చి, తన భార్య అలెగ్జాండ్రా పేరు మీద ఊరికి అలెగ్జాండ్రోపోల్ అని పేరు పెట్టాడు. సోవియట్ల కాలంలో, 1924లో, లెనినకాన్ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక గ్యుమ్రిగా స్థిరపడింది. మీ అమ్మాయికి అక్కడి పెద్దవాళ్ళెవరైనా "లెనినకాన్" అని చెబితే తికమక పడవద్దనండి, అది ఇదే ఊరు. నల్ల రాతితో గుండ్రంగా కట్టిన "సెవ్ బెర్డ్", అంటే నల్లకోట, ఆ కాలానిదే. ఊరికి పడమట గుట్టమీద ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కనే 1975లో నిలబెట్టిన మాతృమూర్తి ఆర్మేనియా విగ్రహం ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఆ గుట్ట ఎక్కితే ఊరంతా, నది అవతలి కొండలతో సహా, ఒక్క చూపులో కనబడుతుంది.

19వ శతాబ్దం చివరికి అలెగ్జాండ్రోపోల్‌లో సుమారు 30 వేల మంది ఉండేవారు. ప్రతి పనికీ ఒక సంఘం. సంఘానికొక పెద్ద, సొంత జెండా, సొంత కట్టుబాట్లు. కుర్రవాడు గురువు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి, చివరికి సంఘం పెద్దల ముందు తన పనితనం చూపించుకుంటేనే ఉస్తాద్ అనిపించుకునేవాడు. తక్కువ రకం సరుకు అమ్మినవాణ్ణి సంఘమే శిక్షించేది. 1899లో తిఫ్లిస్ (నేటి జార్జియా రాజధాని త్బిలిసి) నుంచి కార్స్ వెళ్ళే రైలు మార్గం ఈ ఊరి మీదుగా వేశారు. నేటి ఆర్మేనియా గడ్డమీద మొదటి రైలు కూతపెట్టింది ఇక్కడే. ఎరెవాన్‌కు రైలు వచ్చింది ఆ తర్వాతే. అప్పట్లో ఎరెవాన్ కన్నా ఈ ఊరికే హడావిడి ఎక్కువ. వ్యాపారం, సైన్యం, చేతిపనులు అన్నీ ఒక్కచోట కలిశాయి.

కుమాయ్రి పాత పేటలో నడిచేటప్పుడు మీ అమ్మాయిని గోడల దగ్గర ఆగి చూడమనండి. ఇక్కడి ఇళ్ళన్నీ టఫ్ అనే రాతితో కట్టినవి. అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి ఇది. గనిలోంచి తీసినప్పుడు రంపంతో కోయగలిగేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. సన్న సన్న రంధ్రాలు ఉండటం వల్ల బరువు తక్కువ, వేడినీ చలినీ లోపలికి రానివ్వదు. షిరాక్‌లోనే ఉన్న అర్తిక్ గనుల్లోది గులాబీ రంగు. గ్యుమ్రి ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి నలుపు, ఎరుపు. నల్లరాతి గోడకు ఎర్రరాతి అంచులు, కిటికీ చుట్టూ ఒక నలుపు ఒక ఎరుపు చొప్పున పేర్చిన కమానులు. ఆ కమానురాళ్ళ మధ్య సందులో చాకు మొన కూడా దూరదు. కొన్ని గోడల మీద ఉలి గాట్లు ఇప్పటికీ కనబడతాయి. ఒక వరుసలో గాట్లు కుడివైపు వాలి ఉంటే, పై వరుసలో ఎడమవైపు వాలి ఉంటాయి. వేర్వేరు చేతులు అక్కడ పనిచేశాయని ఆ గాట్లను బట్టి తెలిసిపోతుంది. చెక్క బాల్కనీలు, పోత ఇనుప కటకటాలు, వాననీటి గొట్టాల చివర తగరపు రేకుతో చేసిన అలంకారాలు, ఇలా ఒక్కో ఇంటిమీద నాలుగైదు రకాల పనివాళ్ళ సంతకం ఉంటుంది. ద్జితొఘ్‌ట్స్యాన్ కుటుంబం 1872లో కట్టించిన ఎర్రరాతి మేడ ఇప్పుడు మ్యూజియం. పాతకాలపు పనిముట్లు, గదుల సామాను, అప్పటి జీవితం అక్కడ చూడవచ్చు. నన్నడిగితే ఊళ్ళో అన్నింటికన్నా ముందు అక్కడికే వెళ్ళాలి.

ఇంత రాయి, ఇంత ఇనుము, ఇంత చెక్క చేతుల్లో ఆడించిన ఊరు కళాకారులను కనడంలో ఆశ్చర్యం లేదు. మన దగ్గర ఆధ్యాత్మిక పుస్తకాలు చదివేవాళ్ళకు గుర్జియెఫ్ పేరు తెలుసు. ఆయన పుట్టింది ఇక్కడే. ఆయన తండ్రి వడ్రంగి, అదే సమయంలో పేరున్న గాయకుడు. పురాణకథలు కంఠతా పాడే ఆషుగ్‌ల సంప్రదాయం ఆయనది. 1918లో టర్కీ సైన్యం ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆ వృద్ధుణ్ణి చంపేశారు. శిల్పి సెర్గెయ్ మెర్కురోవ్ కూడా ఈ ఊరివాడే. టాల్‌స్టాయ్, లెనిన్ చనిపోయినప్పుడు వాళ్ళ ముఖాలకు ప్లాస్టరు అచ్చులు తీసింది ఆయనే. ఆర్మేనియన్లు ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకునే ఒపెరాల్లో ఒకటి 1912లో మొదట ప్రదర్శితమైంది రాజధానిలో కాదు, ఈ ఊళ్ళోనే, ఊరి ఔత్సాహికులతోనే. కవులు అవెతిక్ ఇసహక్యాన్, హొవ్‌హన్నెస్ షిరాజ్ ఇక్కడివాళ్ళు. నేటి కుర్రకారుకు తెలిసిన పియానో విద్వాంసుడు తిగ్రాన్ హమస్యాన్ 1987లో ఇక్కడే పుట్టాడు. అస్లమాజ్యాన్ అక్కచెల్లెళ్ళ చిత్రాల గ్యాలరీ ఒకటి పాతపేటలో ఉంది. మరియం, యెరనుహి అనే ఈ ఇద్దరు చిత్రకారిణులు సోవియట్ కాలంలో చాలా దేశాలు తిరిగారు, మన దేశానికీ వచ్చారు. మన దేశపు మనుషుల్ని వాళ్ళు ఏ రంగుల్లో చూశారో ఆ గోడల మీద చూస్తే మీ అమ్మాయికి సంతోషం కలుగుతుంది.

ఇక కష్టకాలం. 1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత మొదలయ్యాక సరిహద్దు దాటి ప్రాణాలతో వచ్చినవాళ్ళకు దారిలో మొదట తగిలే పట్టణాల్లో ఇదొకటి. 1918 మేలో టర్కీ సైన్యం ఊరిని ఆక్రమించింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వెనక్కి వెళ్ళింది. 1920 నవంబరులో మళ్ళీ వచ్చింది. ఆ డిసెంబరులో ఇక్కడే ఒక ఒప్పందం రాయించుకున్నారు. దాని ప్రకారం కార్స్‌తో సహా పెద్ద భూభాగాన్ని ఆర్మేనియా వదులుకోవలసి వచ్చింది. 1921లో కార్స్ ఒప్పందంతో అఖురియన్ నది సరిహద్దుగా ఖాయమైంది. అప్పటిదాకా రెండు వైపులా వ్యాపారం చేసుకున్న ఊరికి ఒక చెయ్యి నరికేసినట్టయింది.

ఆ రోజుల్లోనే ఈ ఊరు ప్రపంచంలోకెల్లా పెద్ద అనాథాశ్రమంగా మారింది. అమెరికా వాళ్ళ సహాయ సంస్థ నియర్ ఈస్ట్ రిలీఫ్, జారుల కాలపు సైనిక బారకాసుల్లో తల్లిదండ్రులు లేని పిల్లలకు ఆశ్రయం ఇచ్చింది. ఎక్కువగా ఉన్నప్పుడు అక్కడి పిల్లల సంఖ్య 20 వేలు దాటింది. ఒక్క ఊళ్ళో, అదీ ఊరే ఆకలితో ఉన్నప్పుడు, అంతమంది పిల్లలకు రొట్టె కాల్చి పెట్టడమే పెద్ద యజ్ఞం. చాలామందికి ట్రాకోమా అనే కంటిజబ్బు ఉండేది. దానికోసం విడిగా వైద్యశాలలు నడిపారు. చదువుతో పాటు వడ్రంగం, కుట్టుపని, చెప్పులు కుట్టడం, నేత నేర్పారు. ఊరి సంప్రదాయానికి అది సరిగ్గా అతికింది. నేను గ్యుమ్రిలో మాట్లాడిన కుటుంబాల్లో ఎందరి కథలు చూసినా, రెండు మూడు తరాల వెనక్కి వెళితే ఆ బారకాసుల్లో పెరిగిన తాతో నాయనమ్మో కనబడేవారు.

సోవియట్లు ఆ పనిమంతులైన చేతులను కర్మాగారాల్లోకి తీసుకున్నారు. 1920లలోనే పెద్ద నూలు మిల్లు వచ్చింది. తర్వాత మేజోళ్ళు, యంత్రాలు, పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. సోవియట్ సినిమాల్లో కోట్లాదిమందిని నవ్వించి ఏడిపించిన నటుడు మ్హెర్ మ్‌కర్త్‌చ్యాన్ 1930లో ఇక్కడే పుట్టాడు. అందరూ ఫ్రుంజిక్ అని ముద్దుగా పిలుచుకునే ఆయన తల్లిదండ్రులిద్దరూ ఊచకోతలో అయినవాళ్ళను పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగినవాళ్ళు. ఇద్దరూ ఆ నూలు మిల్లులోనే పనిచేశారు. ఆయన పేరున పాతపేటలో చిన్న మ్యూజియం ఉంది. 1980ల నాటికి ఊరి జనాభా రెండు లక్షలు దాటింది. అంతమందికి ఇళ్ళు కావాలి. వేగంగా కావాలి. తొమ్మిదంతస్తుల భవనాలు వరసగా లేచాయి.

ఇప్పుడు భూకంపం సంగతి చెప్పాలి. నా వృత్తి ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

1988 డిసెంబరు 7, బుధవారం, పొద్దున 11 గంటల 41 నిమిషాలు. పిల్లలు బడుల్లో, పెద్దలు పనుల్లో ఉన్నారు. స్పితాక్ పట్టణం దగ్గర 6.8 తీవ్రతతో భూమి కంపించింది. నాలుగు నిమిషాలకే 5.8 తీవ్రతతో మరో ప్రకంపన. స్పితాక్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మొత్తం మీద కనీసం 25 వేల మంది చనిపోయారు. ఐదు లక్షల మంది నిలువ నీడ కోల్పోయారు. ప్రాణనష్టంలో పెద్ద భాగం లెనినకాన్‌దే.

అయితే లెనినకాన్ భూకంప కేంద్రానికి 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఇప్పుడు వనద్జోర్ అంటున్న కిరోవకాన్ అంతకన్నా దగ్గర. అయినా కిరోవకాన్‌లో జరిగిన నష్టం చాలా తక్కువ. ఎందుకిలా? దీనికి జవాబు నేలలో ఉంది. లెనినకాన్ కింద ఉన్నది ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి మట్టి. వందల మీటర్ల లోతున పొరలు పొరలుగా ఉంది. భూకంప తరంగం గట్టి రాతిలోంచి ఇలాంటి మట్టిలోకి వచ్చినప్పుడు బలం పుంజుకుంటుంది, ఊపు నిదానంగా, పొడుగ్గా మారుతుంది. ప్రతి భవనానికీ తనదైన ఊగే వేగం ఉంటుంది. పొట్టి భవనం గబగబా ఊగుతుంది, ఎత్తయినది నెమ్మదిగా ఊగుతుంది. ఆ మట్టి ఊపు తొమ్మిదంతస్తుల భవనం ఊపుతో సరిగ్గా కలిసింది. ఊయలను సరైన క్షణంలో తోస్తూ పోతే ఏమవుతుందో అదే జరిగింది.

దానికి తోడు కట్టుబడి లోపం. ముందుగా ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు స్తంభాలు, దూలాలు, పలకలు తెచ్చి నిలబెట్టి, ఇనుప కడ్డీలను వెల్డింగుతో అతికించే పద్ధతి అది. ఆ అతుకులే బలహీనం. పై నుంచి వేసిన బోలు పలకలను ఒకదానితో ఒకటి గట్టిగా బిగించలేదు. కాంక్రీటు నాణ్యతా చాలా చోట్ల అంతంతమాత్రం. దీనికి మూలం మరొకటి: ఈ ప్రాంతంలో రాగల భూకంపం బలాన్ని అప్పటి అధికారిక పటాలు తక్కువగా అంచనా వేశాయి. 1926 అక్టోబరులో ఈ ఊరే ఒకసారి భూకంపంతో దెబ్బతిన్నదని తెలిసి కూడా. అలాంటి తొమ్మిదంతస్తుల భవనాలు లెనినకాన్‌లో 133 ఉంటే 72 అక్కడికక్కడే కూలిపోయాయి. మిగిలిన వాటిలోనూ ఎక్కువ భాగం తర్వాత కూల్చక తప్పలేదు. అదే ఊళ్ళో, అదే మట్టిమీద, గోడలకు గోడలే పెద్ద కాంక్రీటు పలకలుగా కట్టిన భవనాలు నిలబడ్డాయి. సిమెంటు తప్పు కాదు, ఎత్తు ఒక్కటే తప్పు కాదు. అతుకు వేసిన తీరుది తప్పు. మన దగ్గర అపార్టుమెంట్లు కొనేవాళ్ళు కూడా ఈ విషయం తెలుసుకుంటే మేలు.

పాతపేట రాతి ఇళ్ళు చాలావరకు నిలిచాయి. "పాతకాలపు పనితనం గొప్పది, కొత్తదంతా దండగ" అని అక్కడ చాలామంది చెబుతారు. ఆ మాటలో సగమే నిజం. పనితనం గొప్పదే, కానీ అవి ఒకటి రెండంతస్తుల ఇళ్ళు కావడం వల్ల ఆ నిదానమైన ఊపు వాటిని అంతగా పట్టుకోలేదు. సోవియట్ కాలంలో రెండువైపులా టఫ్ రాయి పేర్చి మధ్యలో సున్నమో కాంక్రీటో నింపి కట్టిన నాలుగైదంతస్తుల రాతి భవనాలు చాలా కూలాయి. రాతి చర్చీలు కూడా దెబ్బతిన్నాయి. ప్రధాన కూడలిలో ఉన్న "యోత్ వెర్క్" చర్చి 1880లలో పూర్తయింది. సోవియట్ల కాలంలోనూ అక్కడ ప్రార్థనలు ఆగలేదు. భూకంపంలో దాని చిన్న గోపురాలు కింద పడ్డాయి. పడినవాటిని తీసేయకుండా పక్కనే నేలమీద ఉంచారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రాళ్ళు ఒకదానిలో ఒకటి ఎలా ఇమిడాయో లోపలి నుంచి కనబడుతుంది. ఎదురుగా ఉన్న "అమెనాప్రకిచ్" చర్చిని ఆని ప్రధాన ఆలయం నమూనాలో 19వ శతాబ్దంలో కట్టారు. అది భూకంపంలో చాలా భాగం కూలింది. తిరిగి కట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. కొత్త రాయి, పాత రాయి పక్కపక్కనే కనబడతాయి.

మీ అమ్మాయి వైద్య విద్యార్థిని కాబట్టి ఒక సంగతి ఆమెకు ప్రత్యేకంగా చెప్పండి. శిథిలాల కింద గంటల తరబడి నలిగిన కండరాల నుంచి విషపదార్థాలు రక్తంలోకి చేరి మూత్రపిండాలు పనిచేయకుండా పోవడం ఈ భూకంపంలో వందల మందికి జరిగింది. బయటికి తీశాక, "బతికాడు" అనుకున్న తర్వాత, డయాలిసిస్ అందక ప్రాణాలు పోయిన పరిస్థితి. ఆసుపత్రులు కూలిపోయాయి, వైద్యులు కూడా శిథిలాల కింద ఉన్నారు. ఎన్నో దేశాల నుంచి డయాలిసిస్ యంత్రాలు, వాటిని నడిపేవాళ్ళు వచ్చారు. విపత్తుల్లో మూత్రపిండాల రోగులను ఆదుకోవడానికి అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం 1989లో ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేయడానికి ఈ అనుభవమే కారణం. ఆమె పాఠ్యపుస్తకాల్లో చదివే ఒక అధ్యాయం వెనుక ఈ ఊరి మనుషులు ఉన్నారు.

సాయం మాత్రం పోటెత్తింది. ఆ రోజు సోవియట్ అధినేత గోర్బచేవ్ న్యూయార్క్‌లో ఉన్నారు, పర్యటన మధ్యలో ఆపి వెనక్కి వచ్చారు. అంతవరకు బయటివాళ్ళ సాయం పెద్దగా ఒప్పుకోని సోవియట్ ప్రభుత్వం తలుపులు తెరిచింది. సాయానికి వస్తూ చనిపోయినవాళ్ళూ ఉన్నారు. డిసెంబరు 11న లెనినకాన్ దగ్గర దిగబోతూ ఒక సోవియట్ సైనిక విమానం కూలి 70 మందికి పైగా మరణించారు. మరునాడు ఎరెవాన్ దగ్గర యుగోస్లావియా విమానం కూలింది. కలకత్తా నుంచి మదర్ థెరిసా కూడా ఆ చలిలో ఆర్మేనియాకు వచ్చారు. ఆమె సోదరీమణులు స్పితాక్‌లో ఆశ్రమం పెట్టారు. గ్యుమ్రిలో బ్రిటన్ సాయంతో కట్టిన బైరన్ పాఠశాలను 1990లో మార్గరెట్ థాచర్ వచ్చి ప్రారంభించారు. ఆర్మేనియన్ సంతతి గాయకుడు షార్ల్ అజ్నవూర్ ఫ్రాన్సులో నిధులు సేకరించారు. ఆయన విగ్రహం ఊళ్ళో ఉంది.

"రెండేళ్ళలో ఊరు కట్టి ఇస్తాం" అన్న సోవియట్ దేశమే మూడేళ్ళు తిరిగేసరికి లేకుండా పోయింది. సగం కట్టిన భవనాలను వదిలి పనివాళ్ళు వెళ్ళిపోయారు. భూకంప భయంతో మెత్సమోర్ అణువిద్యుత్ కేంద్రాన్ని మూసేశారు. అది 1995 దాకా మళ్ళీ నడవలేదు. అజర్‌బైజాన్‌తో కరాబాఖ్ యుద్ధం, సరిహద్దుల దిగ్బంధం తోడయ్యాయి. 1993లో టర్కీ తన సరిహద్దు మూసేసింది. కార్స్-గ్యుమ్రి రైలు ఆగింది. మైనస్ 20 డిగ్రీల చలిలో కరెంటు లేదు, గ్యాసు లేదు. తాత్కాలికం అని ఇచ్చిన ఇనుప పెట్టెల్లాంటి ఇళ్ళను అక్కడ దోమిక్‌లు అంటారు. వాటిలో జనం గడ్డకట్టుకుపోతూ బతికారు. ఆ పెట్టెల్లో పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని, మళ్ళీ పిల్లల్ని కన్నవాళ్ళు ఉన్నారు. తర్వాత ప్రభుత్వం, విదేశీ సంస్థలు, ప్రవాస ఆర్మేనియన్లు కలిసి కొత్త పేటలు కట్టారు. వాటికి ముష్, ఆని అని, పోగొట్టుకున్న పాత నగరాల పేర్లే పెట్టుకున్నారు. అయినా దోమిక్‌లు పూర్తిగా పోలేదు. 30 ఏళ్ళు దాటాక కూడా వాటిలో ఉండాల్సి రావడం అన్యాయం. ఆ ఊరివాళ్ళు దాన్ని ఎప్పుడూ కడుపు మంటతోనే చెబుతారు, నాకూ అలాగే అనిపిస్తుంది. మీ అమ్మాయి దోమిక్‌ల మధ్య నడవాల్సి వస్తే కెమెరా తీయవద్దనండి. అవి మనుషుల ఇళ్ళు.

ఊరు చాలా చిన్నబోయింది. 2011 జనాభా లెక్కల్లో సుమారు 1,22,000 మంది తేలారు. మగవాళ్ళు చాలామంది ఏటా వసంతంలో రష్యా వెళ్ళి, భవన నిర్మాణాల్లో కూలి చేసి, చలికాలానికి ఇంటికి వస్తారు. రాతిపని నేర్చిన ఊరి బిడ్డలు వేరే దేశపు ఊళ్ళు కడుతున్నారన్నమాట. ఈ మధ్య కొంత మంచి కూడా కనబడుతోంది. పాతపేట ఇళ్ళు కొన్ని బాగుచేసి బసలుగా, కుండల తయారీ శిక్షణాలయాలుగా, కాఫీ కొట్లుగా మార్చారు. టూమో అనే ఉచిత సాంకేతిక శిక్షణ కేంద్రం వచ్చింది. బడి పిల్లలు అక్కడ ప్రోగ్రామింగు, యానిమేషను నేర్చుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చిన్నగా మొదలయ్యాయి. కమ్మరి కొలుములు ఇంకా కొన్ని ఉన్నాయి. అనుమతి అడిగి కాసేపు నిలబడితే, ఎర్రగా కాలిన కడ్డీని మెలితిప్పి బాల్కనీ కటకటాకు పువ్వులా ఎలా వంచుతారో చూడవచ్చు. ఆ పని చూడటం కోసం నేను ఎన్నో సాయంత్రాలు అక్కడే గడిపాను.

2023 ఫిబ్రవరిలో టర్కీలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆర్మేనియా సహాయక బృందాలను పంపింది. 30 ఏళ్ళుగా మూసి ఉన్న సరిహద్దులో మార్గారా వంతెన ఆ సహాయం లారీల కోసం తెరుచుకుంది. దక్షిణాన జరిగిన సంగతే అయినా గ్యుమ్రిలో దాని గురించి మాట్లాడనివారు లేరు. శిథిలాల కింద తమవాళ్ళ కోసం వెతుక్కున్న ఊరికి అది ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

గ్యుమ్రి వాళ్ళ హాస్యం దేశమంతా ప్రసిద్ధం. పోలోజ్ ముకుచ్ అనే పాతకాలపు చమత్కారి మాటలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరుతో పాతపేటలో ఒక భోజనశాల కూడా ఉంది. అక్కడివాళ్ళు మొహం మీదే ఏదో ఒకటి అంటారు, వెంటనే టీ పోస్తారు. అమ్మాయిలు భారతీయులని తెలిస్తే సినిమాల గురించి అడుగుతారు. చరిత్ర తెలిసిన పెద్దలు మద్రాసు గురించి అడగవచ్చు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో వెలువడింది అక్కడే.

భోజనం విషయానికొస్తే, మాంసాహారులైతే చలికాలపు పొద్దున ఖాష్ రుచి చూడాల్సిందే. ఎద్దు కాళ్ళను రాత్రంతా ఉడికించి, వెల్లుల్లి ముద్దతో, ఎండిన లవాష్ రొట్టె తుంచి వేసుకుని తింటారు. ఖాష్ విందు అంటే గంటల తరబడి సాగే పంక్తి భోజనం, హడావిడిగా తినేది కాదు. శాకాహారులకు తతార్ బోరాకి ఉంది. మందపాటి పిండి పలకలు ఉడికించి పైన వెల్లుల్లి పెరుగు, వేయించిన ఉల్లిపాయలు వేసి ఇస్తారు. ఆర్డరు ఇచ్చేటప్పుడు మాంసం లేనిదేనా అని ఒకసారి అడగాలి. క్రీము నింపిన పొంచిక్‌లు ఊరి పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఇష్టం.

ప్రయాణానికి ఎరెవాన్ రైల్వే స్టేషను నుంచి గ్యుమ్రికి నేరుగా రైలుంది. బండిని బట్టి రెండు నుంచి మూడు గంటలు. దారిలో అరగాట్స్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి కిటికీ పక్కన కూర్చోమనండి. వారాంతాల్లో టికెట్లు ముందే అయిపోతాయి. మినీ బస్సులూ తరచుగా ఉంటాయి. మొదటి రోజు పాతపేట, రెండు చర్చీలు, మ్యూజియంలు, సాయంత్రం నల్లకోట. రెండో రోజు పొద్దున టాక్సీ మాట్లాడుకుని 10 కిలోమీటర్ల దూరంలో అఖురియన్ లోయలో ఉన్న మర్మాషెన్ మఠానికి వెళ్ళాలి. 10, 11వ శతాబ్దాల్లో పహ్లవుని రాజవంశం కట్టించిన ఎర్రరాతి ఆలయం అది. గ్యుమ్రి పనివాళ్ళకు ఆ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని చూస్తే అర్థమవుతుంది. తిరుగు ప్రయాణానికి టాక్సీని అక్కడే ఆపి ఉంచుకోవాలి, మఠం దగ్గర వేరే బండ్లు దొరకవు.

ఊళ్ళో రష్యన్ సైనిక స్థావరం ఉంది, సరిహద్దు కాపలా కూడా ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఫొటోలు తీయకూడదు. పాస్‌పోర్టు, విద్యార్థి నివాస కార్డు వెంట ఉంచుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్ళేటట్టయితే జారని అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. పాతపేటలో పరిచిన రాళ్ళ మీద మంచు గాజులా గడ్డకడుతుంది. మే చివర నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళగలిగితే అన్నింటికన్నా మంచిది. డిసెంబరు 7న మాత్రం ఊరంతా శ్మశానాలకు వెళ్తుంది. ఆ తేదీన సరదా ప్రయాణం పెట్టుకోవద్దనండి.